క్లోజ్‌బర్న్ కోట నుండి కోఠీ వరకు: ఒక వంశవృక్షమును వెదకిన విధము

ఫిలింనగరులో నివసించు ఒక చలనచిత్ర కథారచయిత కొన్ని నెలల క్రిందట మా కార్యాలయమునకు దయచేసిరి. వారి చేత ఒక పెద్ద కాగితము కలదు. దానిపై ఒక వంశవృక్షము గీయబడియున్నది. పైకొమ్మన స్కాట్లండు దేశపు భూస్వాముల పేర్లు, క్రిందికొమ్మన హైదరాబాదు నగరము పేరు. నడుమ తాతలును, తండ్రులును, కుమారులును వరుసగా నిలిచియున్నారు. ఒక్కచోట మాత్రము, ఇరువురు బిడ్డలకు తల్లి యుండవలసిన గడిలో, “ఒక బేగము” అని వ్రాసి విడిచినారు.

“ఈమె పేరేమి? వివాహము జరిగినదా, లేక జనులు కల్పించుకొనిన కథయా? చిత్రము తీయుటకు ముందు ఇది నాకు తేలవలెను. తెరపై ఒకసారి పలికిన మాటను మరల వెనుకకు తీసికొనలేము గదా!” అని వారు మమ్ము అడిగిరి.

ప్రశ్న చిన్నది. కాని దానికి సమాధానము చెప్పుటకు స్కాట్లండు, అమెరికా, మద్రాసు, హైదరాబాదు, మచిలీపట్టణము, లండను మీదుగా ఆరువందల యేండ్ల పత్రములను తరచవలసి వచ్చినది. ఆ ప్రయాణమున మేము నేర్చినది మా శ్రోతలకును ఉపయోగపడునని తలచి ఇచట వివరించుచున్నాము. ఏలయనగా, తమ వంశమూలమును తెలిసికొనవలెనను కోరిక నేడు అనేకుల యిండ్లలో కలదు. దానికి దారి తెలిసినవారు మాత్రము కొలదిమందియే.

నిజమునకు జూబిలీహిల్సులోను ఫిలింనగరులోను స్థలము కొనదలచిన ప్రతివారును ఈ విద్యను కొంత యెరిగినవారే. ఆ కొండలు షేక్‌పేట రెవిన్యూ మండలములో చేరినవి. అచట నూరు గజముల నేల కొనవలెనన్నను, అమ్మువారికి అది యెవరి నుండి వచ్చినది, వారికి అంతకు ముందెవరు ఇచ్చిరి, నడుమ గతించినవారి వారసులెందరు, ఆ కుటుంబములోని ఆడుబిడ్డల సంతకములు ఉన్నవా లేవా అని న్యాయవాది లింకు దస్తావేజులను ఒక్కొక్కటిగా పరిశీలించును. ఒక్క లింకు తెగినను బ్యాంకువారు అప్పు ఇయ్యరు. వంశచరిత్ర పరిశోధనయు అట్టి పనియే. తెలిసిన తరము నుండి తెలియని తరమునకు వెనుకకు నడువవలెను. ప్రతి మెట్టునకు ఒక పత్రము ఉండవలెను. ఆ పత్రమును ఎవరు, ఎప్పుడు, ఏ అవసరముకొరకు వ్రాసిరో అడుగవలెను. ఈ మూడవ ప్రశ్నయే అన్నిటికంటె ముఖ్యమైనది.

ఇక ఆ కాగితమున నున్న వంశము సంగతి. అది కిర్క్‌పాట్రిక్ వంశము. హైదరాబాదు కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీ భవనమును చూచినవారికి ఈ పేరు కొత్తది కాదు. ఆ భవనమును కట్టించుటకు పూనుకొన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1798 నుండి 1805 వరకు నిజాము దర్బారులో ఈస్టిండియా కుంపిణీ ప్రతినిధిగా నుండెను. ఆయన ఈ నగరపు ఉన్నతకుటుంబపు కన్యను వివాహమాడెనని రెండువందల యేండ్లుగా జనులు చెప్పుకొనుచున్నారు. కథారచయితగారి కాగితముపై చిట్టచివరి కొమ్మ ఈయనదే.

మొదట పైకొమ్మను చూచెదము. స్కాట్లండు నైరృతి భాగమున డంఫ్రీస్ మండలములో క్లోజ్‌బర్న్ అను ఊరు కలదు. 1232లో రెండవ అలెగ్జాండరు రాజు ఆ భూములను కిర్క్‌పాట్రిక్ వంశీయునకు స్థిరపరచుచు పత్రము నిచ్చెను. మనదేశమున కాకతి గణపతిదేవుడు ఓరుగల్లును ఏలుచుండిన కాలమది. రాజు భూమి నిచ్చినప్పుడు శాసనము పుట్టును. శాసనమున్న చోట పేరు నిలుచును. భూమి లేనివాని తాతముత్తాతలు కనబడకుండుటకును, భూస్వామి వంశము అనేక తరములు తెలియుటకును కారణ మిదియే. వానికి పూర్వులు ఎక్కువ కారు. వాని పూర్వులకు పత్రములు ఎక్కువ.

ఈ వంశమువారికి ఒక ఐతిహ్యము కలదు. 1306 ఫిబ్రవరి 10వ తేదీన డంఫ్రీస్ పట్టణపు చర్చిలో రాబర్టు బ్రూస్ తన ప్రత్యర్థియైన జాన్ కామిన్‌ను కత్తితో పొడిచెను. వెలుపలికి వచ్చి, చచ్చెనో లేదో సందేహముగా నున్నదనగా, వెంటనున్న రోజర్ కిర్క్‌పాట్రిక్ “నేను ఖాయము చేసెదను” అని లోనికేగి పని ముగించెనట. బ్రూస్ తరువాత స్కాట్లండునకు రాజయ్యెను. కిర్క్‌పాట్రిక్ పలికెనన్న ఆ మాట వంశముద్రపై నిలిచినది. హత్యను గొప్పగా చెప్పుకొనుట మనకు రుచింపదు. కాని “ఖాయము చేసెదను” అను మాటను వంశచరిత్ర పరిశోధకుడు తన బల్లపై వ్రాసి పెట్టుకొనవచ్చును. విన్నదానితో తృప్తిపడక, రూఢి చేసికొనుటయే అతని పని.

ఆ తేదీనే తీసికొనుడు. పాతపత్రములలో ఆ హత్య 1305లో జరిగినట్లు కనబడును. ఇందు పొరపాటు లేదు. ఆ కాలమున స్కాట్లండులో సంవత్సరము మార్చి 25న ప్రారంభమగుచుండెను. 1600 నుండియే అచట జనవరి 1 సంవత్సరాది యైనది. కావున ఫిబ్రవరి మాసము పాత లెక్కలో వెనుకటి సంవత్సరమునకు చేరును. ఇది తెలియనివాడు తండ్రి మరణించిన పిదప ఏడాదికి కుమారుడు పుట్టెనని భ్రమపడి మంచికుటుంబమునకు అపకీర్తి తెచ్చును. మన హైదరాబాదు పత్రములలోను ఇట్టి చిక్కు కలదు. కొన్ని హిజరీలో, కొన్ని ఫసలీలో ఉండును. ఫసలీ సంఖ్యకు 590 కలిపినచో ఇంచుమించుగ క్రీస్తుశకము వచ్చును. హిజరీ చాంద్రమాన సంవత్సరము సుమారు 354 దినములే కనుక దానికి అట్టి సులభసూత్రము చెల్లదు, పట్టిక చూడవలెను.

స్కాట్లండువారు భూమి లెక్కలలో మిక్కిలి జాగరూకులు. 1617 నుండి అచట సేజిన్ అను రిజిస్టరు నడచినది. భూమి చేతులు మారినపుడు ఆ భూమి మీదనే నిలువబడి, పిడికెడు మట్టిని, ఒక రాతిని క్రొత్తవాని చేతికిచ్చుట వారి ఆచారము. మనవారు నీళ్లు విడిచి ధారాదత్తము చేయుట వంటిదే. ఆ తంతును గూర్చి వ్రాసికొన్న పత్రమును ఈ రిజిస్టరులో ఎక్కించెడివారు. తండ్రి గతించినపుడు కుమారుడే వారసుడని జూరీ ఎదుట తేల్చి, ఆ తీర్పును గూడ భద్రపరచెడివారు. ఇట్టి పత్రములనేకములు ఎడింబరోలోని జాతీయ పత్రాగారమున నేటికిని ఉన్నవి. కిర్క్‌పాట్రిక్ వంశమువారికి 1685లో బారొనెట్ అను వంశపారంపర్య బిరుదు లభించినది. కాని 1783లో క్లోజ్‌బర్న్ భూములు అమ్ముడుపోయి అన్యుల పాలైనవి. ఐదువందల యాబది యేండ్ల అధికారము ఒక విక్రయముతో ముగిసినది.

మరి ఆ క్లోజ్‌బర్న్ నుండి హైదరాబాదు రెసిడెంటు వరకు గీచిన గీత సరియైనదా? ఇచటనే మేము కథారచయితగారిని ఆపవలసి వచ్చినది. రెసిడెంటు తండ్రి కుంపిణీ సైన్యమున కర్నలుగా పనిచేసినవాడు. ఆయన తండ్రి, అనగా రెసిడెంటునకు తాత, ఒక వైద్యుడు. ఐర్లండులో పుట్టి, 1717లో అమెరికాలోని దక్షిణ కరోలినాకు వలసపోయెను. 1738లో చార్లెస్టన్ పట్టణమున మశూచి చెలరేగినపుడు, ఆ వ్యాధి పొక్కుల రసమును ఆరోగ్యవంతుల చర్మములోనికి ఎక్కించు పద్ధతిని సమర్థించి ప్రసిద్ధుడయ్యెను. తరువాత లండనుకు మరలివచ్చి, 1754లో ఆ పద్ధతిపై ఒక గ్రంథము ప్రకటించెను. అయితే అమెరికా పత్రములలో ఆయన పేరు కిర్క్‌పాట్రిక్ కాదు, కిల్‌పాట్రిక్! లండను వచ్చిన పిదపనే పేరు మార్చుకొనెను. ఒక్క అక్షరపు మార్పు తెలియనివాడు చార్లెస్టన్ పత్రములన్నియు తిరుగవేసినను ఈయనను కనుగొనలేడు.

ఆ ఇంటివారు తమ మూలము క్లోజ్‌బర్న్‌లోనిదని చెప్పుకొనుచుండిరి. అది ఇంటిలోని మాట. వైద్యుని వరకు మనకు పత్రములు కలవు. ఆ పైన ఐతిహ్యము కలదు. కావున కాగితముపై వైద్యుని వరకు నిండుగీత గీచి, అటుపైన చుక్కలగీత ఉంచవలెనని మేము సూచించితిమి. నిండుగీతకును చుక్కలగీతకును గల భేదమును పాటించువాడే నమ్మదగిన వంశచరిత్రకారుడు.

అవసరము వంశవృక్షమును ఎట్లు పెంచునో చెప్పుటకు ఈ పేరు గల మరియొక కుటుంబమునే ఉదాహరణముగా చూపవచ్చును. డంఫ్రీస్ ప్రాంతమున పుట్టిన విలియం కిర్క్‌పాట్రిక్ అను వర్తకుడు స్పెయిను దేశపు మలాగా రేవులో స్థిరపడెను. 1817లో అతని కుమార్తెను ఒక స్పెయిను ప్రభువు వివాహమాడదలచెను. పెండ్లికూతురు ఉన్నతవంశజ యని రుజువైనగాని రాజు అనుమతి దొరకదు. అంతట వర్తకుడు ఎడింబరో నుండి క్లోజ్‌బర్న్ వంశీయుడనని ధ్రువపత్రము తెప్పించెను, వివాహము జరిగెను. ఆ దంపతుల కుమార్తెయే 1853లో మూడవ నెపోలియన్‌ను పెండ్లాడి ఫ్రాన్సుకు సామ్రాజ్ఞియైన యూజెనీ. పత్రము అబద్ధమని మా అభిప్రాయము కాదు. పెండ్లికొరకు పుట్టిన పత్రమును, పెండ్లిసంబంధము చూచువాని కన్నులతో చదువవలెనని మాత్రమే మేము చెప్పుచున్నాము.

ఇక హైదరాబాదునకు వచ్చెదము. జేమ్స్ కిర్క్‌పాట్రిక్ 1764లో మద్రాసులో పుట్టెను. ఆయన తల్లి కాథరిన్, మద్రాసు వైద్యుడగు ఆండ్రూ మన్రో కుమార్తె. 1798లో నిజాము అలీఖానుతో సంధి కుదిర్చి, నగరమునందలి ఫ్రెంచి సేనలను యుద్ధము లేకయే తొలగించుటలో ఈయన ముఖ్యుడు. 1800 అక్టోబరు 12 నాటి సంధితో బళ్ళారి, కడప మున్నగు సీమలు నిజాము నుండి కుంపిణీకి దత్తమైనవి. రాయలసీమవారు తమ ప్రాంతమును చాలకాలము దత్తమండలములని పిలిచికొనుటకు కారణమైన ఆ సంధిని నడిపినది ఈ రెసిడెంటే. ఆయనకు నిజాము ఇచ్చిన బిరుదు హష్మత్ జంగ్.

రాజకీయమున ఇంత స్పష్టముగా కనబడు మనిషి తన యింటి సంగతిలో పత్రముల వెనుక దాగియున్నాడు. ఆయన వివాహమాడిన కన్య ఖైరున్నీసా. తల్లి షరఫున్నీసా, తల్లి తండ్రి బాకర్ అలీ ఖాను. వారు ఇరాను దేశమునుండి వచ్చిన సయ్యదు కుటుంబమువారు. నిజాము మంత్రి మీర్ ఆలమునకు బంధువులు. ఈ సంగతిని తెలుపు సాక్ష్యములు మూడు విధములు.

మొదటివి జేమ్స్ తన అన్న విలియమునకు వ్రాసిన లేఖలు. ఇవి నేడు లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున నున్నవి. తొలి లేఖలలో ఆయన తనపై వచ్చిన వదంతిని కాదనెను. తరువాతి లేఖలలో మెల్లమెల్లగా ఒప్పుకొనెను. మొదటి లేఖతోనే చదువుట ఆపినవాడు వివాహము కల్ల యని వ్రాయును.

రెండవది కుంపిణీవారి విచారణ. 1801 నవంబరు 7న మద్రాసు గవర్నరు క్లైవు ప్రభువు, హైదరాబాదులో పనిచేసిన ఇరువురు సైనికాధికారులను పిలిపించి, ప్రమాణము చేయించి, రహస్యముగా ప్రశ్నించెను. ఆ విచారణ ఆ కన్య గౌరవమును కాపాడుటకు కాదు. రెసిడెంటు విధేయత ఎవరి పక్షమో తెలిసికొనుటకు. అయినను ఆ ప్రశ్నోత్తరములవలన ఒక ఇంటి సంగతి ప్రభుత్వపు దస్త్రములలోనికి ఎక్కినది. దోషము వెదకుటకు వ్రాసిన కాగితము వంశచరిత్రకు ఆధారమైనది.

మూడవది పారసీకభాషా గ్రంథము. ఖైరున్నీసా దగ్గరి బంధువగు మీర్ అబ్దుల్ లతీఫ్ షూష్తరీ ఆ సంవత్సరములలోనే “తుహ్‌ఫతుల్ ఆలం” అను స్వీయచరిత్ర వ్రాసెను. ఆంగ్లేయుల దస్త్రములలో వదంతిగా కనబడు కుటుంబము, ఈ గ్రంథమున విద్వాంసులతోను రాజకార్యములతోను నిండిన ఒక పెద్ద వంశముగా కనబడును. ఒకే యింటిని రెండు భాషలలో చదివినగాని దాని పూర్తిరూపము తెలియదు.

ఈ సాక్ష్యములను, తరువాత ఆ కుటుంబమువారు చెప్పిన మాటలను చేర్చి చూచినచో, ముస్లిము మతవిధి ననుసరించి నికా జరిగినదనియు, అది రహస్యముగా జరిగినదనియు తేలుచున్నది. 1801 మార్చి 4న కుమారుడు పుట్టెను. సాహెబ్ ఆలం అని పేరు. 1802 ఏప్రిల్ 9న కుమార్తె పుట్టెను. నూరున్నీసా, సాహెబ్ బేగము. కుమారుని జననమును తండ్రి స్వహస్తముతో ఒక కాగితపు ముక్కపై వ్రాసియుంచెను. పేరు తల్లి స్వప్నమునుబట్టి నిర్ణయింపబడిన సంగతియు అందు కలదు. ఏ కార్యాలయమునకును పనికిరాని ఆ ముక్కను కుమార్తె కడవరకు దాచుకొన్నది.

బిడ్డలు నాలుగైదేండ్లవారు కాకముందే వారిని చదువునకై ఇంగ్లండు పంపిరి. 1805 సెప్టెంబరులో మద్రాసు రేవున ఓడ యెక్కించిరి. అంతకు ముందు జార్జి చిన్నెరీ అను చిత్రకారుడు వారిద్దరిని హైదరాబాదు దర్బారు దుస్తులలో చిత్రించెను. ఆ ఓడ సముద్రమున నుండగనే, 1805 అక్టోబరు 15న, తండ్రి కలకత్తాలో మరణించెను. 1806 మార్చి 25న లండనులోని మేరిల్‌బోన్ చర్చిలో బిడ్డలకు క్రైస్తవమత స్నానము జరిగెను. ఆనాటి నుండి సాహెబ్ ఆలం విలియం జార్జి కిర్క్‌పాట్రిక్ అయ్యెను. సాహెబ్ బేగము కాథరిన్ అరోరా, ముద్దుపేరు కిట్టీ. మార్చి 25 పాత లెక్కలో సంవత్సరాది యని పైన చెప్పితిమి. ఈ బిడ్డలకు అది నిజముగనే క్రొత్త జన్మ. తల్లి యిచ్చిన పేరు ఆ దినముతో మరుగుపడినది.

ఇచట కథారచయితగారి ముఖ్యప్రశ్నకు సమాధానము కలదు. కిర్క్‌పాట్రిక్ మరణించుటకు ముందు వ్రాసిన వీలునామాలో బిడ్డలను ఆంగ్లచట్టభాషలో వివాహేతర సంతానమని పేర్కొనెను. ఇది చూచి, నికా జరుగలేదని తీర్పు చెప్పుట తొందరపాటు. ఆనాటి ఆంగ్లన్యాయము ఆ వివాహమును గుర్తింపదు. చెల్లని మాట వ్రాసి బిడ్డల ఆస్తిని వ్యాజ్యము పాలు చేయుటకంటె, చెల్లు మాట వ్రాసి వారికి దానిని దక్కించుటయే ఆయన ఉద్దేశమని మేము తలచుచున్నాము. ఆ వీలునామాలోనే బిడ్డల తల్లిని ఖైరున్నీసా బేగము అని స్పష్టముగా పేరు పెట్టి, మిక్కిలి గౌరవముతో ప్రస్తావించెను. ఆమెకు జాగీరులును, ఆభరణములును స్వంతముగా చాలినన్ని కలవు కనుక వేరుగా ధనము ఇయ్యనవసరము లేదని వ్రాసెను.

ఈ వాక్యముకడ మేము కొంతసేపు ఆగితిమి. భూస్వాముల వంశమును వెదకుచు స్కాట్లండు నుండి బయలుదేరితిమి. క్లోజ్‌బర్న్ భూములు అప్పటికే అమ్ముడుపోయినవి. వైద్యుని మనుమడు జీతముపై బ్రతుకు ఉద్యోగి. ఆ ఇంటిలో భూములు గలది భర్త కాదు, భార్య! వంశవృక్షమున “ఒక బేగము” అని విడిచిన గడిలోనివారే అసలు భూస్వామిని. అయినను వృక్షము ఆమె పేరు మరచినది. ఏలయనగా అది భర్త ఇంటిపేరుతో గీచిన వృక్షము.

తరువాతి కథ దుఃఖకరము. ఖైరున్నీసా భర్త సమాధిని చూచుటకు కలకత్తా వెళ్లెను. అచట భర్తకు సహాయకుడుగా నుండిన హెన్రీ రస్సెల్ ఆశ్రయమును నమ్మెను. మరలి హైదరాబాదు రాకుండ ఆమెకు అడ్డు కలిగినందున మచిలీపట్టణమున ఉండవలసివచ్చెను. రస్సెల్ ఆమెను విడిచి మద్రాసులో వేరొకరిని వివాహమాడెను. కడకు ఆమె హైదరాబాదు చేరి, 1813 సెప్టెంబరు 22న మరణించెను. బిడ్డలను మరల చూడలేదు. రస్సెల్ లేఖలు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు బోడ్లియన్ గ్రంథాలయమున ఉండుటచేత ఈ సంగతులు మనకు తెలిసినవి. అన్యాయము చేసినవాని పెట్టెలోనే అన్యాయము పొందినవారి చరిత్ర మిగులుట వంశపరిశోధనలో తరచుగ కనబడు వింత.

కిట్టీ పెరిగి పెద్దదయ్యెను. స్కాట్లండు రచయిత థామస్ కార్లైల్ యువకుడుగా నున్నపుడు ఆమె పరిచయము పొందెను. 1833-34లో వెలువడిన ఆయన “సార్టర్ రిసార్టస్” గ్రంథములోని బ్లూమిన్ అను కన్యకు కిట్టీయే మూలమని అనేకులు భావింతురు. కార్లైల్ పుట్టిన యెకిల్‌ఫెకన్, క్లోజ్‌బర్న్ ఉన్న ఆ డంఫ్రీస్ మండలములోనిదే. 1829లో కిట్టీ ఫిలిప్స్ అను సైనికాధికారిని వివాహమాడెను. అనేక సంవత్సరములకు పిదప రస్సెల్ భవనమున గోడపై వ్రేలాడుచున్న చిన్నెరీ చిత్రమును చూచి, అందు తనను, తన అన్నను గుర్తించి కన్నీరు పెట్టుకొనెను. అటు పిమ్మట 1841లో, రెసిడెన్సీ అధికారి యొకని సాయమున, హైదరాబాదులో జీవించియున్న అమ్మమ్మ షరఫున్నీసాతో ఉత్తరములు నడపెను. మనుమరాలికి పారసీకము రాదు. అమ్మమ్మకు ఆంగ్లము రాదు. అనువాదకుల మూలమున ఆరేండ్లు, అమ్మమ్మ మరణించిన 1847 వరకు, ఆ లేఖలు సాగినవి. తల్లి రూపమెట్టిది, గుణమెట్టిది అని కిట్టీ అడిగి తెలిసికొన్నది ఆ లేఖలవలననే. ఏ రిజిస్టరును ఇయ్యలేని సమాచార మది.

1889లో కిట్టీ మరణించిన పిదప, 1893లో ఆమె బంధువు సర్ ఎడ్వర్డు స్ట్రేచీ బ్లాక్‌వుడ్ పత్రికలో ఈ వివాహమును గూర్చి వ్యాసము వ్రాసెను. నూరేండ్లు గడచిన మీదట, స్కాట్లండులో పుట్టిన చరిత్రకారుడు విలియం డాల్రింపుల్ లండను, ఆక్స్‌ఫర్డు, హైదరాబాదు పత్రములను జతపరచి, 2002లో “వైట్ మొఘల్స్” గ్రంథమున సమగ్రముగా వెల్లడించెను. మేమిచట చెప్పినదానిలో పెక్కు భాగము అట్టివారి శ్రమఫలమే.

మరి మన కుటుంబముల సంగతి యేమి? మన దేశమునను పత్రములు లేకపోలేదు. స్కాట్లండువాడే యైన కాలిన్ మెకంజీ, నేపియర్ అను భూస్వామివంశపు చరిత్రకొరకు హిందువుల గణితవిద్యను గూర్చి వెదకుటతో ఈ దేశచరిత్రపై ఆసక్తి పెంచుకొని, 1783లో మద్రాసు చేరెను. ఏలూరునకు చెందిన కావలి వేంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సహాయముతో ఆయన సేకరించిన కైఫీయతులలో మన గ్రామముల, పాలెగాండ్ర, జమీందారుల వృత్తాంతములు కలవు. హైదరాబాదులో తార్నాకలోని రాష్ట్ర పత్రాగారమున మొగలాయీల కాలపు దస్త్రములు కలవు. అందు “అర్జ్-ఓ-చెహరా” అను పట్టీలలో సైనికుని పేరు, తండ్రి పేరు, ముఖముపై గల గుర్తులు గూడ వ్రాయబడినవి. ఇనాములు, జాగీరులు గల కుటుంబములకు వారసత్వమును తేల్చిన ముంతఖబులు కలవు. 1949లో జాగీరులు రద్దయిన పిదప పరిహారమునకై జరిగిన విచారణల దస్త్రములును కలవు. సామాన్య రైతుకుటుంబమునకు సేత్వారు, 1954-55 నాటి ఖస్రా పహాణీ, రిజిస్ట్రేషను దస్తావేజులు దారి చూపును. కాశీలో, గయలో పండాల బహీలలో యాత్రకు పోయిన పూర్వుల పేర్లు సంతకములతో సహా దొరకవచ్చును.

అయితే వీనిలో పెక్కింటికి ఒకే లోపము కలదు. అవి భూమి యెవరి పేర నున్నదో వారినే గుర్తుంచుకొనును. మా తాతగారు స్వహస్తముతో వ్రాసిన వంశావళి మా యింట కలదు. పదకొండు తరములు, ఒక్క స్త్రీ పేరును లేదు. పెండ్లిలో చెప్పు ప్రవరలోను ముత్తాత, తాత, తండ్రి పేర్లే వినబడును. కాని పితృతర్పణమున తల్లి, తండ్రి తల్లి, ఆమె అత్తగారు పేరుపేరున స్మరింపబడుదురు. అమ్మమ్మయు అందు చేరును. మా యింటి పెద్దలు తర్పణముకొరకు ఒక నోటుపుస్తకమున వ్రాసికొన్న ఆ పేర్లే మాకు వంశావళిలో లేని ముగ్గురు స్త్రీల నిచ్చినవి. ఇట్టి పుస్తకము మీ యింటిలోను ఉండవచ్చును. పెండ్లి కట్నకానుకల జాబితా, పసుపుకుంకుమల క్రింద వ్రాసియిచ్చిన భూమి పత్రము, పాత శుభలేఖ, పుట్టింటి నుండి వచ్చిన ఉత్తరము, వెనుక పేర్లు వ్రాసిన ఛాయాచిత్రము, ఇవన్నియు సాక్ష్యములే. వానికంటె ముందు ఇంటిలోని వృద్ధులను కూర్చుండబెట్టి అడుగుడు. పత్రాగారము రేపును తెరచియుండును. ముత్తవ్వ జ్ఞాపకమునకు ఆ భరోసా లేదు.

కథారచయితగారు మరల వచ్చినపుడు మేము వారి కాగితమును తిరిగి యిచ్చితిమి. క్లోజ్‌బర్న్ వైపునకు పోవు గీతను చుక్కలుగా మార్చితిమి. వైద్యుని పేరు ప్రక్కన కిల్‌పాట్రిక్ అని చేర్చితిమి. “ఒక బేగము” అను మాటలను కొట్టివేసి, ఖైరున్నీసా, తల్లి షరఫున్నీసా, మాతామహుడు బాకర్ అలీ ఖాను అని వ్రాసి, ప్రతి పేరునకు ఆధారమగు పత్రమును క్రింద చూపితిమి. వారు చాలసేపు చూచి, “అయ్యా, ఇప్పుడు కథ రెసిడెంటుగారిది కాదు, ఈమెది” అనిరి. ఆ చిత్రమును వారు తీయుదురో లేదో కాని, ఆ గడిలో పేరు నిలిచినది.

కోఠీలోని ఆ రెసిడెన్సీ ఆవరణమున 1949 నుండి ఆడుపిల్లల కళాశాల నడచినది. అది నేడు మహిళా విశ్వవిద్యాలయము. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు ప్రకటింపబడినది. తాను సాగుచేసిన నాలుగెకరముల పంటకొరకు దొరతో పోరాడిన పాలకుర్తి స్త్రీ ఆమె. ఖైరున్నీసా మెట్టిన ఆ నేలపై నేడు వేలకొలది బాలికలు తమ పేర్లను తామే రిజిస్టరులో వ్రాసికొనుచున్నారు. ఈ వ్యాసము చదివిన మీదట మా పాఠకులు ఒక పని చేయుదురుగాక. ఒక తెల్లకాగితము తీసికొని, మీ తల్లి పేరు, ఆమె తల్లి పేరు, ఆమె తల్లి పేరు వ్రాయుడు. మూడవ పేరు తెలియనిచో, నేటి సాయంకాలమే ఎవరినైన అడిగి ఖాయము చేసికొనుడు.